జీడి వ్యాపారంలో బాధ్యత చందా పుస్తకంలో లేదు

సంపాదకులకు నమస్కారం.

జీడి పిక్కల కొనుగోళ్లు మొదలైతే మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏటా ఒకటే గొడవ. 80 కిలోల బస్తాకి ఎంతిస్తారని. ధర గురించి అడగాల్సిందే. అయితే ధర తేలిన తర్వాత కాటా మీద, పిక్క కొట్టే బల్ల మీద, పప్పు పొర ఒలిచే పీలింగ్ గదిలో పోయేదాని గురించి ఎవరూ నోరు మెదపరు. పలాస, కాశీబుగ్గ వ్యాపారులు గుడికో బడికో చందా అడిగితే కాదనరు, ఆ మంచితనాన్ని కాదనడం లేదు. రోజువారీ లెక్కలోనూ అది కనిపించాలన్నదే ఈ ఉత్తరం.

ముందు తరుగు సంగతి. పచ్చిగా వచ్చిన పిక్కలో నీరు ఎక్కువుంటుంది కాబట్టి కొంత తగ్గించడం న్యాయమే. ఎంత అన్నదే ప్రశ్న. తేమ 15 శాతం ఉన్న 80 కిలోల బస్తాలో నీరు 12 కిలోలు, మిగతా సరుకు 68 కిలోలు. నిల్వకు పనికొచ్చేలా 9 శాతానికి ఆరబెడితే అది 74.7 కిలోలకు వస్తుంది. అంటే తరుగు 5.3 కిలోలు. తేమ 12 శాతమే ఉంటే 2.6 కిలోలు చాలు. మీటరు పెట్టకుండా, పిక్కని గుప్పిట్లో గలగల్లాడించి అందరికీ ఒకే కోత వేస్తే, బాగా ఆరబెట్టి తెచ్చిన రైతే ఎక్కువ నష్టపోతాడు. మరుసటేడు ఆయనా ఆరబెట్టకుండానే తెస్తాడు. సరుకు చెడేది అక్కడే.

ఓడల్లో వచ్చే ఆఫ్రికా పిక్క దగ్గర ఇదే వ్యాపారం ఎంత పద్ధతిగా ఉంటుందో చూడండి. పై బస్తా, నడిమి బస్తా, అడుగు బస్తా నుంచి నమూనా తీసి, కలిపి, కిలో తూచి, ప్రతి పిక్కా కోస్తారు. మంచి పప్పు బరువు పూర్తిగా, మచ్చ పడ్డదాని బరువు సగం లెక్కిస్తారు. పుచ్చు, తాలు తీసేస్తారు. కిలోకి 270 గ్రాములు తేలితే 80 కిలోలకు 21.6 కిలోలు, వాళ్ల లెక్కలో 47.6 పౌన్లు. పౌను తగ్గితే ధర తగ్గుతుంది. ఉద్దానంలోని మందస రైతు పిక్కకి ఈ పరీక్ష ఎందుకు చేయరు? కావలసింది ఒక కత్తి, ఒక చిన్న కాటా, అరగంట సమయం. 2018 తిత్లీ తుపానులో కూలిన చెట్ల చోట మళ్లీ మొక్కలు నాటి, కాపు కోసం ఏళ్లు ఎదురుచూసిన రైతుకి ఆ అరగంట దక్కాలి.

ఇక లోపలి పని. ఆవిరి మీద ఉడికించిన పిక్కని వెంటనే కొడితే తొక్క మెత్తగా ఉండి అందులోని జీడి, అంటే చర్మాన్ని పొక్కించే నూనె, చిమ్ముతుంది, పప్పూ విరుగుతుంది. 12 నుంచి 24 గంటలు ఆరనిస్తే తొక్క పెళుసెక్కి శుభ్రంగా విడిపోతుంది. ఆర్డరు తొందరలో ఆ గడువు తగ్గించినప్పుడల్లా ఆడవాళ్ల వేళ్లు పొక్కుతాయి. నూలు గ్లౌజులు ఇచ్చి ఊరుకుంటే అవి జీడిని పీల్చుకుని చర్మానికి అంటిస్తాయి, ఉత్త చేతులకన్నా అన్యాయం. రబ్బరువి కావాలి. "ఇస్తే వేసుకోరండీ" అంటారు యజమానులు. నిజమే, వేసుకోరు. గ్లౌజుతో చెయ్యి నెమ్మదిస్తుంది, కూలి కిలో లెక్కన కాబట్టి ఆ రోజు సంపాదన తగ్గుతుంది. అందుకే ఆముదమో బూడిదో రాసుకుని కూర్చుంటారు. గ్లౌజు ఇచ్చిన రోజే కిలో రేటు కూడా సవరించాలి.

పీలింగ్ దగ్గర అన్యాయం ఇంకా సన్నం. డ్రయ్యర్‌లో పప్పుని సుమారు 60, 70 డిగ్రీల వేడిలో ఆరేడు గంటలు ఉంచుతారు. తేమ 5 శాతం లోపుకు రాకపోతే పొర ఊడదు, కత్తితో గీకాలి. 3 శాతం కన్నా దిగితే ముట్టుకుంటే బద్దలవుతుంది. ట్రేలు తిప్పకపోతే ఒకే విడతలో రెండూ జరుగుతాయి. గుండు పప్పు తగ్గి ముక్క పెరిగితే కోత మాత్రం ఒలిచినామె కూలిలో పడుతుంది. డ్రయ్యర్ వేడి, తీసిన సమయం, తేమ ఒక పుస్తకంలో రాసి గోడకి వేలాడదీస్తే, ఏ విడతలో ముక్క ఎందుకు ఎక్కువైందో యజమానికే తెలుస్తుంది. అది చూడకుండా కూలి కోయకూడదు. కిలో లెక్కన ఇచ్చినా పని చేసిన సమయానికి కనీస వేతనం తగ్గకూడదన్నది 1948 కనీస వేతనాల చట్టం నాటి మాట.

కార్మికుల కుటుంబాలకు వైద్యం అందించే బీమా ఈఎస్ఐకి యజమాని వాటా జీతంలో 3.25 శాతం, కార్మికురాలిది 0.75 శాతం. ముప్పై మంది ఉన్నచోట రిజిస్టరులో తొమ్మిది పేర్లే రాసి పది మంది ఉంటే ఈఎస్ఐ కట్టాలన్న నిబంధన తప్పించుకుంటే, మిగిలేది ఆ కొద్ది డబ్బే. పోయేది ఒక కుటుంబపు వైద్యం. మంచినీళ్లు, మరుగుదొడ్డి కూడా యజమాని బాధ్యతే. మరుగుదొడ్డి లేనిచోట ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు తాగడం మానేస్తారు. కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలని ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు.

పొగ గురించి ఒక్క మాట. తొక్కని నూనెతోపాటు పొయ్యిలో వేస్తే వచ్చే ఘాటు పొగ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల కళ్లు మండిస్తుంది. నూనె తీయించి పిప్పిని మండిస్తే పొగ తగ్గుతుంది, నూనెకి ధర కూడా వస్తుంది.

"సీఎస్ఆర్ మాకు వర్తించదు" అనే మాట తరచూ వింటుంటాం. సీఎస్ఆర్ అంటే కంపెనీలు సమాజం కోసం చేయాల్సిన ఖర్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏదో ఒకటి చేరిన లేదా దాటిన కంపెనీలే మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మన పరిశ్రమల్లో చాలావాటికి అది వర్తించకపోవచ్చు. కానీ వర్తించే కంపెనీ సైతం తన ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చుని ఆ 2 శాతంలో చూపించుకోలేదు. అంటే గ్లౌజు, మరుగుదొడ్డి ఎంత పెద్ద కంపెనీకైనా దానం కింద రావు.

ఆఫ్రికా పిక్కని పలాసలో కొట్టి అమ్మడం తప్పు కాదు, వేల చేతులకి దాంతోనే పని దొరుకుతోంది. ప్యాకెట్ మీద ఉద్దానం పంట అని అచ్చువేస్తే మాత్రం అబద్ధం. పిక్క ఎక్కడిదో, ఏ ఊళ్లో ఒలిచారో రెండూ వేయాలి.

వచ్చే సీజనుకి వ్యాపారుల సంఘాలు ఒక పని చేయవచ్చు. ప్రతి కొనుగోలు కేంద్రంలో ముద్ర వేయించిన కాటా, తేమ మీటరు, పిక్క కోసి చూసే బల్ల పెట్టి, రైతు చేతికిచ్చే చీటీ మీద బరువు, తేమ, తరుగు, కిలోకి తేలిన పప్పు గ్రాముల్లో రాయించాలి. పీలింగ్ గదిలో ఆడవాళ్లకిచ్చే చీటీ మీద తీసుకున్న పప్పు, ఇచ్చిన గుండు, ముక్క, ఆ విడత డ్రయ్యర్ తేమ ఉండాలి. చీటీలు తెలుగులో ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా