జుబిన్ మెహతాపై ప్రసంగానికి సాయం చేసినవారికి కృతజ్ఞతలు

పాశ్చాత్య సంగీత వాద్యబృందాలను చేతి సైగలతో నడిపించే కండక్టర్ జుబిన్ మెహతా మీద తెలుగు ప్రసంగం తయారీలో తోడ్పడిన ప్రతి ఒక్కరికీ మా బృందం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. 1936లో బొంబాయిలో పుట్టి, వైద్యం చదువు ఆలోచన మానుకుని 1954లో వియన్నా చేరడం, 1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల పోటీ గెలవడం, ఆపై మాంట్రియల్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ వాద్యబృందాలను నడిపించడం... ఈ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. కండక్టర్ చెయ్యి అసలేం చేస్తుందో చెప్పేవాళ్లే అరుదు. అది మీరు చెప్పారు.

డబుల్ బేస్ (వయొలిన్ కుటుంబంలో అతి పెద్ద వాద్యం) వాయించే మిత్రుడికి మొదటి నమస్కారం. మెహతా వియన్నాలో నేర్చిన వాద్యం కూడా అదే. మన కచేరీలో తాళం దెబ్బ పాటతోపాటే పడుతుంది, కండక్టర్ చెయ్యి మాత్రం ఒక దెబ్బ ముందుండాలి. మొదటి స్వరానికి ముందు చెయ్యి లేచే తీరులోనే వేగం, బలం రెండూ తెలిసిపోవాలి. అది తడబడితే ఓబో అనే ఊదే వాద్యం వాయించేవారికి ఊపిరి ఎప్పుడు పీల్చాలో తెలియదు, వయొలిన్లు ముందుపడతాయి, హార్న్‌లు వెనకపడతాయి. నాలుగు దెబ్బల్లో మొదటిది కిందికి, రెండోది ఎడమకు, మూడోది కుడికి, నాలుగోది పైకి. ఈయన వీడియో తీసి పంపాకే ఇదంతా స్పష్టమైంది.

మెహతా, సహవిద్యార్థి క్లాడియో అబ్బాడో వియన్నాలో గాయకబృందంలో ఎందుకు చేరారో కూడా ఈ మిత్రుడే విప్పి చెప్పారు. ప్రేక్షకులకు కండక్టర్ వీపే కనిపిస్తుంది. గాయకులకైతే రిహార్సల్ పొడుగునా ముఖం, కళ్లు, రెండు చేతులూ ఎదురుగానే ఉంటాయి. ఇంతకన్నా మంచి బడి ఏముంటుంది!

స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకే పేజీలో వరుసగా రాసిన ప్రతి, చదవడం నేర్పిన లైబ్రేరియన్ గారికి ఎంతో రుణపడి ఉన్నాం. పేజీలో పైన ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, వాటి కింద హార్న్, ట్రంపెట్, ట్రాంబోన్, తర్వాత టింపని అనే పెద్ద డోళ్లు, అట్టడుగున తంత్రీవాద్యాలు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు 'సి' స్వరం అని రాస్తే వినిపించేది దానికన్నా కిందిదైన బి ఫ్లాట్ స్వరం. కండక్టర్ స్కోరు ఒక ముద్రణ, వాద్యకారుల కాగితాలు మరో ముద్రణ అయితే ఎక్కణ్నుంచి వాయించాలో చెప్పే గుర్తు అక్షరాలు కలవవు, రిహార్సల్ సమయం వెతుకులాటకే పోతుంది. మొదటి వయొలిన్లు 16 ఉంటే, ఇద్దరికొకటి చొప్పున కాగితాలు పెట్టే స్టాండ్లు 8. విల్లు ఎటు లాగాలో ఎనిమిదింటిలోనూ పెన్సిల్‌తో ముందే ఎక్కించాలి.

తండ్రి మెహ్లీ మెహతాను మరవొద్దని పట్టుబట్టిన పెద్దాయనకు ప్రత్యేక కృతజ్ఞతలు. బొంబాయి సింఫనీ వాద్యబృందాన్ని స్థాపించిన ఆయనే తర్వాత 1964లో లాస్ ఏంజెలెస్‌లో యువ వాద్యబృందాన్ని నెలకొల్పారు.

ప్రసంగం నోట్సు, వీడియో కావలసినవారు అడగండి. వీడియో ఎదుటి నుంచి తీసింది కాబట్టి కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, చూసుకుని సాధన చేయండి.