శుద్ధి పూర్తయిందట, మరి రికార్డుల్లోకి ఎక్కిందా?

సంపాదకుడు గారికి,

మూతపడిన బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ వెనక రసాయన వ్యర్థాల గుంతల శుద్ధి ముగిసిందని, ఆ భూమి ఇక ‘అభివృద్ధికి సిద్ధం’ అని గత వారం మీ జిల్లా పేజీలో రాశారు. పక్కనే జేసీబీ ఫొటో. అది ఏ ఫ్యాక్టరీయో హైవే మీద చౌటుప్పల్, చిట్యాల మధ్య తిరిగేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, బస్సు కిటికీలు మూసుకుని దాటే చోటు అది. వార్తలో లారీల లెక్క ఉంది, టన్నుల లెక్క ఉంది, విచ్చేసిన పెద్దల పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. గుంత అడుగున ఏం మిగిలింది, చుట్టూ ఉన్న బోర్లలో ఏం వస్తోంది, రేపు ఆ సర్వే నంబర్లలో గజాల లెక్కన కొనేవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు అన్నవి మాత్రం లేవు. ప్రెస్ నోట్‌లో లేనిది వార్తలో మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది లెండి.

గుంతలోని బురద ఎత్తడం ఈ మొత్తం పనిలో తేలిక భాగం. ఈటీపీ (వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు) బురద, ఎంఈఈ (ఆ నీటిని మరిగించి ఇంకించే యంత్రం) ఉప్పు, డిస్టిలేషన్ అడుగున మిగిలే తారు, వాడేసిన కార్బన్ కంటికి కనిపిస్తాయి, ముక్కుకు తెలుస్తాయి, లారీకెత్తి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపవచ్చు. పంపినట్టు రుజువు కావాలంటే ఫొటో అక్కర్లేదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ప్రతి లారీకి ఫారం 10 మానిఫెస్ట్ (రవాణా చీటీ) ఉండాలి. ఏడు ప్రతులు, ఏడు రంగులు. పసుపు కాగితం పంపినవాడి దగ్గర ఉంటుంది, సరుకు అందుకున్నవాళ్లు నీలం కాగితం తిరిగి పంపుతారు. పసుపువి ఎన్ని ఉన్నాయో నీలంవి అన్ని ఉండాలి. తగ్గితే, తగ్గినన్ని లారీలు దారిలో ఏ పాత క్వారీలోనో దిగాయని అనుమానించాల్సిందే. ఈ రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టడానికి ఒక గుమాస్తాకు ఒక పూట చాలు. ఆ లెక్క బయటపెట్టమనండి.

అసలు చిక్కు బురద పోయాక మొదలవుతుంది. మన దగ్గర పైన మొరం, దాని కింద మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి గ్రానైట్. గ్రానైట్‌లో నీరు ఇసుకలో లాగా అంతటా పరచుకోదు, పగుళ్లు పట్టుకుని పోతుంది. గుంత పక్క బోరులో ఏమీ రాకపోవచ్చు, అర కిలోమీటరు అవతలి బోరులో నురగ రావచ్చు. పైగా మన బోర్లకు కేసింగ్ పైపు గట్టిరాయి తగిలేదాకానే దింపుతారు, కింద అంతా ఖాళీ రంధ్రమే. కేసింగ్ అడుగున సిమెంటుతో మూయకపోతే పైపొరలోని విషపు నీరు పైపు పక్క నుంచే జారి లోపలి పగుళ్లలోకి దిగుతుంది. ఎండిపోయి వదిలేసిన ప్రతి బోరూ పైనున్న కంపును కిందికి దించే గొట్టమే. నోట్లో రాయి పెట్టి వదిలేస్తే మూసినట్టు కాదు. ట్రెమీ పైపు (గ్రౌట్ దించే గొట్టం) అడుగుదాకా దించి, సిమెంటు, బెంటొనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి) కలిపిన గ్రౌట్‌ను, అంటే ఆ చిక్కటి ముద్దను, కింద నుంచి పైకి నింపుకుంటూ రావాలి. ఆవరణలోనూ చుట్టుపక్కలా ఎన్ని పాడుబడ్డ బోర్లున్నాయో, వాటిలో ఎన్నింటిని ఇలా మూశారో వార్తలో ఒక్క ముక్క లేదు. ఇక వరికోసం రాత్రింబవళ్లు మోటార్లు నడిచే చోట భూమి వాలును బట్టి నీరు పోదు, మోటారు ఎటు లాగితే అటు పోతుంది. కాబట్టి వాలుకు దిగువన ఒక బోరు పరీక్షించి చుట్టూ అంతా క్షేమం అనడం కుదరదు.

శాంపిళ్ల సంగతి. తవ్విన గుంతలో అయిదు చోట్ల మట్టి తీసి, ఒకే సంచిలో కలిపి ల్యాబ్‌కు పంపడం ఇక్కడ మామూలైపోయింది. ఒక చోట కిలోకు 500 మిల్లీగ్రాముల క్రోమియం ఉండి, మిగతా నాలుగు చోట్ల 20 చొప్పున ఉంటే సగటు 116 వస్తుంది. ఉప్పు ఎక్కువైన చారులో నాలుగు చెంబుల నీళ్లు పోసి రుచి బాగానే ఉందన్నట్టు. గుంత అడుగును, నాలుగు గోడలను గళ్లుగా విభజించి, ఏ గడికి ఆ గడి విడిగా పరీక్షించాలి. దాటిన గడిని మళ్లీ తవ్వాలి. నీళ్లయితే బోరు నడిపి, పీహెచ్, కండక్టివిటీ నిలకడగా వచ్చాకే పట్టాలి. లోహాలకు వడకట్టి యాసిడ్ వేసిన సీసా, సాల్వెంట్లకు (ఇట్టే ఆవిరైపోయే రసాయన ద్రావకాలకు) గాలిబుడగ లేకుండా మూతపెట్టి ఐస్‌లో ఉంచిన 40 మిల్లీలీటర్ల చిన్న సీసా. ఎండలో జీపు వెనక పెట్టుకుని, ప్లాస్టిక్ బాటిల్‌లో సాయంత్రానికి హైదరాబాద్ చేర్చిన నీటిలో సాల్వెంట్ ఎక్కడ మిగులుతుంది? అప్పుడు వచ్చేది ‘కనిపించలేదు’ అన్న రిపోర్టే. అందరికీ కావలసిందీ అదే కాబోలు.

నల్లగొండలో ఇంకో సౌకర్యం ఉంది. ఏ బోరు నీరు చెడినా ఫ్లోరైడ్ అనేస్తే సరిపోతుంది. ఫ్లోరైడ్ ఇక్కడి రాయిలోదే, దాన్ని తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు, ఒప్పుకుంటాం. కానీ పటికా సున్నం సాల్వెంట్‌ను తీయవు. ఆరో వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపు రూపం) తీయాలంటే ముందు దాన్ని మూడో వేలెన్సీకి తేవాలి, అది వేరే రసాయనం పని. పంచాయతీలకు ఇచ్చే కిట్టు పెట్టెలో ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్, కాఠిన్యం చూసే సీసాలు ఉంటాయి, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్ చూసేది ఉండదు. తాగునీటికి మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఆ అంకె ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఊళ్ల నీటి రిపోర్టుల్లో ఉందా? మిషన్ భగీరథ పథకం నీళ్లు వస్తున్నాయి కదా అంటారు. చౌటుప్పల్‌లో 2015లోనే దాని పైలాన్ లేచింది, నిజమే. బర్రెలు, నారుమళ్లు, రోడ్డు పక్క హోటళ్లు, ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ప్లాంట్లు మాత్రం బోర్ల మీదే నడుస్తున్నాయి.

తీయలేక మిగిలినదాన్ని ‘శాస్త్రీయంగా కప్పేశారు’ అని కూడా రాశారు. శాస్త్రీయంగా కప్పడమంటే టిప్పర్లతో మొరం పోయడం కాదు. నీరు దిగనంతగా దిమ్మిస చేసిన 60 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, పైన 30 సెంటీమీటర్ల కంకర పొర, ఆ పైన 60 సెంటీమీటర్ల మట్టి, గడ్డి. గడ్డి మాత్రమే. వేరు లోతుకు పోయే చెట్టు పెట్టకూడదు, సర్కారు తుమ్మ తనంతట మొలిచినా పీకేయాలి. వానాకాలం రాగానే ఖాళీ జాగా కనిపించిందని వనమహోత్సవం పేరుతో రెండడుగుల గుంతలు తవ్వే శాఖ మనకుందిగా, ముందు వాళ్లకు చెప్పండి. మూసేసిన తర్వాత 30 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలన్నది లెక్క. వానలకు ముందూ తర్వాతా బోర్ల పరీక్ష, కుంగిన చోట పూడిక, కారే నీటి సేకరణ. ముప్పై ఏళ్లలో ఎంతమంది కలెక్టర్లు మారతారో, ఎన్ని జిల్లాలు చీలుతాయో మనకు తెలియనిది కాదు.

అందుకే మిగతావన్నీ ఒక ఎత్తు, భూరికార్డు ఒక ఎత్తు. ఆ భూమి మీద ఆంక్ష ఎక్కాల్సింది పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ఫైలులో కాదు, కొనేవాడు చూసే కాగితంలో. కొనేవాడు చూసేది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ఈసీలో రిజిస్టర్ అయిన పత్రాలే కనిపిస్తాయి. కాబట్టి ‘బోరు వేయరాదు, ఇల్లు, బడి, అంగన్‌వాడీ కట్టరాదు, పంట వేయరాదు, ఇన్ని అడుగులకు మించి తవ్వరాదు’ అని యజమాని చేతే పత్రం రాయించి రిజిస్టర్ చేయించాలి. అప్పుడు ఎన్ని చేతులు మారినా తెలియదనే మాట చెల్లదు. నాలా అయిన (వ్యవసాయేతరంగా మార్చిన) భూమి సబ్ రిజిస్ట్రార్ దగ్గర, కానిది భూభారతి (సాగుభూముల రికార్డు)లో తహసీల్దార్ దగ్గర. రెండు చోట్లా ఎక్కాలి. సర్వే నంబరు బై నంబర్లుగా చీలినప్పుడు ఆంక్ష ప్రతి ముక్కకూ పోవాలి, జారిపోయేది అక్కడే. 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషిద్ధ భూముల జాబితా) అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములకు వరుసలున్నాయి, విషం పూడ్చిన భూమికి వరుస లేదు. లేఅవుట్ అనుమతి ఇచ్చే డీటీసీపీ, హెచ్‌ఎండీఏల దగ్గరా ఆ నంబర్లు ఉండాలి. కొత్త బోర్లు ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది. ఇసుక ట్రాక్టర్లు పట్టుకోవడానికే అది పుట్టిందని మనవాళ్ల నమ్మకం.

రికార్డులో రాసినంత మాత్రాన సరిపోదనడానికి అమెరికాలో లవ్ కెనాల్ ఉంది. రసాయన వ్యర్థాలు పూడ్చిన కాలువను 1953లో కంపెనీ ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చింది, లోపల రసాయనాలున్నాయని దస్తావేజులో రాసింది కూడా. అయినా బడి కట్టారు, పక్కన ఇళ్లు లేచాయి, రోడ్లకూ పైపులకూ తవ్వి మట్టి కప్పును చీల్చారు. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించారు. అక్కడ ఒక్క దస్తావేజులోనైనా రాశారు. మన దగ్గర రీజినల్ రింగ్ రోడ్డు వస్తోందని చౌటుప్పల్ చుట్టూ చెలకలకు కూడా గజాల ధర పలుకుతున్న రోజుల్లో ఆ ఒక్క మాట కూడా ఎక్కడా లేదు. భోపాల్‌లో మూతపడిన యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ వ్యర్థం 337 టన్నులు కాల్చడానికి పీథంపూర్ తరలడానికి 2025 దాకా పట్టింది, నేలలోదీ నీళ్లలోదీ అక్కడే ఉంది.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి, రాష్ట్ర పీసీబీ వాటిని గడువులోగా పరిశీలించాలి, ఖర్చు కాలుష్యం చేసినవాడి నుంచి రాబట్టాలి. ఈ గుంతలు ఆ జాబితాలో ఉన్నాయా? ఉంటే ‘అభివృద్ధికి సిద్ధం’ అని ఎవరు తేల్చారు? లేకపోతే ఎందుకు లేవు? ధాన్యం కొనుగోళ్ల మీద వారంవారం సమీక్షలు పెట్టేవాళ్లు, ఆ ధాన్యం ఏ నీళ్లతో పండిందో ఏడాదికొకసారైనా అడగరా?

మీకు ఒక్కటే మనవి. ఆ గుంతలున్న సర్వే నంబర్లు, బై నంబర్లతో సహా, మీ జిల్లా పేజీలో వేయండి. రేపు అక్కడ వెంచర్ వేస్తే ఫుల్ పేజీ ప్రకటన వచ్చేదీ మీ పేపర్లోనే.

— ఒక పాఠకుడు, చిట్యాల మండలం, నల్లగొండ జిల్లా