లారీ బాబాయ్ గారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

నాన్న ధాన్యం మొత్తానికి మిల్లుకెళ్లింది. రాత్రి కాటా అయ్యాక ఇంటికొచ్చి పడుకుంటే ఇవాళ మధ్యాహ్నానికి గానీ లేవలేదు ఎవరం. నా చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ పనుల్లో పడిపోతాను.

మాది కోనసీమ, నాన్న కౌలు రైతు. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, స్వర్ణ రకం వరి వేశారు. మిషన్ కోత కోయించి, కళ్లం లేక అందరిలాగే రోడ్డు పక్కన ఆరబోశాం. చీకటి పడ్డాక అల్పపీడనం వాన అందుకుంది. అమ్మ, తమ్ముడు, మావయ్య పిల్లలు అందరం కలిసి ధాన్యం రాశి చేశాం గానీ, మా బరకాలు సగానికి కూడా చాలలేదు.

అప్పుడొక ఖాళీ లారీ మమ్మల్ని దాటి వెళ్లి, ముందు ఆగి, రివర్స్‌లో వెనక్కి వచ్చింది. దిగినాయనకి నాన్న వయసు ఉంటుంది. ఏమీ అడగలేదు. లారీ మీది పెద్ద బరకం తాళ్లు విప్పి కిందికి తోసేశారు. నేను బిత్తరపోయి చూస్తుంటే, "ఏటి తల్లీ, అలా నిల్చుండిపోయావు? తాడట్టుకో" అన్నారు. మాట తీరు చూస్తే శ్రీకాకుళం వైపు వారనిపించింది. బరకం కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టించి, గునపం తీసుకుని రాశి చుట్టూ గాడి తవ్వడం మొదలుపెట్టారు, అడుగు నుంచి నీళ్లు ఎక్కకుండా.

మధ్యలో ఆయన ఫోన్ మోగింది. లారీ ఓనర్ కాబోలు, అరుపులు మా దాకా వినపడ్డాయి. ఈయన తాపీగా "టైరు పంచరైందండీ, వచ్చేత్తన్నాను" అని పెట్టేసి మళ్లీ గునపం అందుకున్నారు. ముక్కూ మొహం తెలియని మా కోసం అబద్ధమాడి మరీ తిట్లు తింటున్నారాయన. నాన్న అటు తిరిగి నిలబడ్డారు. నాకైతే ఏడుపు ఆగలేదు.

తెల్లారాక రాశిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు గింజలు తీసి, ఒకటి పంటి కింద పెట్టి కొరికారు. "లోపలేటీ అవనేదు బాబూ" అన్నారు నాన్నతో. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు, టీ అడిగి తాగారు. నంబరు అడిగితే "ఎందుకులే" అని నవ్వారు. బరకం మాత్రం మాకే వదిలేసి, మళ్లీ ఈ దారినే వస్తానుగా అంటూ వెళ్లిపోయారు.

బాబాయ్ గారూ, మీ బరకం కడిగి, ఆరబెట్టి, మడత పెట్టి ఉంచాం. అది లేనందుకు ఓనర్ మళ్లీ ఏమన్నాడో అని నాన్న రోజూ అనుకుంటున్నారు. ఆ రూట్లో తిరిగే డ్రైవర్లు ఎవరైనా ఇది చదివితే ఆయనకి చెప్పండి, దండం పెడతాను.

ఒక మాట అనకుండా ఉండలేను. అసలు ధాన్యం రోడ్డు మీద ఎందుకుండాలి? 2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. మా 75 కిలోల బస్తా లెక్కన 1,777. అయితే తేమ 17 శాతం దాటకూడదు. మిషన్ కోసిన పచ్చి ధాన్యం ఎండ కాయకుండా 17కి ఎలా దిగుతుంది? దిగిందని రైతు సేవా కేంద్రానికి వెళ్తే గోనె సంచులు రాలేదన్నారు. సంచుల కోసం చూస్తుంటే వాన. ఈలోగా దళారి వచ్చి, బస్తా పద్నాలుగు వందలకి ఇచ్చేస్తారా అని బేరం.

కౌలు వాళ్లకి ఇంకో పీకులాట. కౌలు రైతుల కోసం ఆంధ్రలో తెచ్చిన 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం రావాలంటే పొలం ఆసామి సంతకం పెట్టాలి. పదకొండు నెలల కాగితమది, భూమి మీద హక్కేమీ రాదు. అయినా ఆసాములకి భయం. మా ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు, మంచివారే, సంతకం అనేసరికి మాట మారుస్తారు. అందుకని ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు ఆయనదే, ధాన్యం డబ్బు పడేదీ ఆయన ఖాతాలోనే. శిస్తు, అంటే కౌలు, పట్టుకుని మిగతాది ఆయన మాకు పంపాలి. మా చేతిలో ఆ పత్రం లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, వడ్డీ అప్పే. 2011లో కోనసీమలో పంట విరామం అని సార్వా నాట్లు మానేసినప్పుడు నాన్నా మానేశారు. అప్పుడడిగిందీ గిట్టుబాటు ధరే. ఇప్పటికీ సార్వా శిస్తుకి సరి, దాళ్వాలో, అంటే రెండో పంటలో, మిగిలితే మిగిలినట్టు. ఆ మిగిలింది చేతికొస్తేనే మా సెంటర్లో బట్టల కొట్టుకీ మందుల షాపుకీ పాత బాకీలు తీరేది. రైతు దగ్గర ఆగితే ఊరంతా ఆగుతుంది, ఈ సంగతి పైన కూర్చున్నవాళ్లకి ఎవరు చెప్తారు?

సరే, కోపంలో మర్చిపోయేలా ఉన్నాను. రైతు సేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయికి థాంక్స్, విసుక్కోకుండా మళ్లీ మళ్లీ తేమ చూసింది. పొద్దుపోయినా బస్తాలెత్తిన జట్టు వాళ్లకి కూడా. ట్రాక్టర్ ఇచ్చి డీజిల్ డబ్బులే తీసుకున్న పక్కవీధి అన్నయ్యకి. అయ్యో, ఇటుకలు! రోడ్డు పక్కన ఇల్లు కట్టుకుంటున్న అత్తయ్యగారూ, ఆ రాత్రి మిమ్మల్ని లేపకుండానే తెచ్చేశాం. రేపు తమ్ముడు తెచ్చి పేర్చేస్తాడు. కొన్ని విరిగాయి, ఎంతయిందో చెప్పండి.