మాట పోయినవారిపై పరిశోధన: ముందు స్కాలర్లకు శిక్షణ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతంతో మాట పోయినవారి మీద, మాటలు ఆలస్యమైన పిల్లల మీద పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఈమధ్య కనిపిస్తున్నారు. సంతోషం. కానీ వాళ్ళను రోగి దగ్గరికి పంపేముందు నేర్పాల్సింది నేర్పడం లేదన్నది నా బాధ.

మా ఆయనకు మెదడులో ఎడమపక్క రక్తనాళం మూసుకుపోయి అఫేసియా, అంటే మెదడు దెబ్బతిని భాష పట్టు తప్పే జబ్బు, వచ్చింది. చెయ్యి కొంత కోలుకుంది, మాట కోలుకోలేదు. గోవింద నామాలు ఎత్తుకుంటే తడబడకుండా చెబుతారు, కాఫీ కావాలని మాత్రం అడగలేరు. ‘కొడుకు... ఫోను’ అంటారు. ఫోను చేసింది కొడుకా, కొడుక్కి చెయ్యమంటున్నారా? విభక్తి ఆయన నోట పలకదు. క్రియ చివరి ప్రత్యయాలూ అంతే, జారిపోతాయి.

ఒకసారి ఒక పరిశోధక విద్యార్థిని ప్రశ్నావళి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వినయం గల పిల్ల. ‘అబ్బాయి అమ్మాయి చేత నెట్టబడ్డాడు’ అని చదివి, సరైన బొమ్మ చూపించమంది. నెట్టిందెవరో, పడిందెవరో రోగికి తెలుస్తోందా అని చూడటానికి ఇంగ్లీషు రోగుల కోసం తయారైన పరీక్షల్లో అలాంటి వాక్యాలు పెడతారు. తెలుగిళ్ళలో ఎవరంటారండీ ఆ మాట? ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనూ అది ఆయనకు కొరుకుడుపడేది కాదు. ‘పిల్లి కుక్కని నెట్టింది’, ‘పిల్లిని కుక్క నెట్టింది’ అని అడిగి ఉంటే ఆ ‘ని’ని ఆయన పట్టుకోగలుగుతున్నారో లేదో ఇట్టే తేలిపోయేది. పైగా నగరిలో పుట్టి, తమిళం తెలుగు రెండూ మాట్లాడుతూ పెరిగిన మనిషి కొన్ని బొమ్మలకు తమిళంలో పేరు చెబితే సున్నా వేసింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను. తర్జుమా కాగితం చేతికిచ్చి పంపినవాళ్ళదే ఆ లోటు.

రెండు భాషలు రావడం పరిశోధనకు అడ్డంకి కాదు, అదే అసలు సరుకు. అప్పట్లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో వైద్యురాలైన సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) రోగులను పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. నగరి, కుప్పం, పలమనేరు వైపు తమిళం, కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసే బతుకుతున్నాయి. పక్షవాతం తర్వాత ఏ భాష ముందు తిరిగొస్తుందన్న ప్రశ్నను పాశ్చాత్యులు 1880ల నుంచీ అడుగుతున్నారు. దాన్ని మన చిత్తూరులో అడగకపోతే ఇంకెక్కడ అడుగుతాం?

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ ఉంది, ఎస్వీయూలో తెలుగు, సైకాలజీ శాఖలున్నాయి, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం ఉంది. వీళ్ళు కలిసి ఒక్క పీహెచ్‌డీ కార్యక్రమం నడపలేరా? స్కాలరుకు ఇద్దరు గైడులుండాలి, ఒకరు భాష తెలిసినవారు, ఒకరు రోగిని చూసేవారు. మొదటి ఏడాది అంశం ఎంచుకోమని తొందరపెట్టకుండా వార్డులో, స్పీచ్ థెరపిస్టు పక్కన కూర్చోబెట్టాలి. ఏ జబ్బూ లేని మన పెద్దలు, మన పిల్లలు ఎలా మాట్లాడతారో రికార్డు చేయించాలి. ఆ కొలత లేకుండా లోపాన్ని దేనితో పోల్చి చెబుతారు? మైసూరులో 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు కొన్నాళ్ళు పంపినా మంచిదే.

పిల్లల సంగతీ చిన్నది కాదు. అమెరికాలో 1997లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, ఐదారేళ్ళ పిల్లల్లో నూటికి సుమారు ఏడుగురికి వినికిడి, తెలివి బాగానే ఉన్నా భాష సరిగా పట్టుబడలేదని తేలింది. అలాంటి పిల్లల్ని ‘మొద్దు’ అనడం బడిలో నేను చాలాసార్లు విన్నాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యాన్ని చేర్చింది, అందులో అఫేసియా పేరూ ఉంది. కానీ వైకల్యం ఎంతో తేల్చడానికి రోగి మాట్లాడే భాషలో పరీక్ష ఉండొద్దా?

ఇంకొక్క మాట. మాట రాని మనిషి దగ్గర సమ్మతి ఎలా తీసుకోవాలో స్కాలర్లకు తప్పక నేర్పండి. ఆ రోజు సంతకం నన్ను పెట్టమన్నారు. ఎదురుగా ఉన్న ఆయన్ను అడగలేదు. బొమ్మలు చూపించి, నెమ్మదిగా చెప్పి, తల ఊపడానికి సమయమిస్తే ఆయనే చెప్పగలరు.

– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, తిరుపతి