హోమ్‌స్టే ఆదాయం ఎవరి ఖాతాలోకి?

సంపాదకులకు,

చైనాలో యున్నాన్, సిచువాన్ సరిహద్దున ఉన్న లుగూ సరస్సు గురించి పర్యాటక కథనం వచ్చిందంటే ‘స్త్రీల రాజ్యం’ అన్న శీర్షిక తప్పదు. అక్కడి మోసువో తెగవారిలో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. సంప్రదాయం ప్రకారం మగవాడు రాత్రి ప్రియురాలి ఇంటికి వెళ్లి, తెల్లారేసరికి తన తల్లి ఇంటికి చేరతాడు. పిల్లల బాధ్యత తల్లి ఇంటివారిది, మేనమామలది. దీన్ని విచ్చలవిడితనంగా ప్రచారం చేశారు. చివరికి బయటి నుంచి వచ్చిన స్త్రీలు మోసువో దుస్తులు కట్టి వ్యభిచారం చేసే ఇళ్లు అక్కడ వెలిశాయి. చెడ్డపేరు మాత్రం ఊరి ఆడపిల్లలకు.

1970లలో అధికారులు ఒత్తిడి చేసి జంటలతో వేరు కాపురాలు పెట్టించారు. ఆ ఒత్తిడి తగ్గాక చాలామంది పాత పద్ధతికి మళ్లారు. ఇప్పుడు వచ్చే మార్పు డబ్బుతో వస్తోంది. లువోషుయ్ గ్రామంలో పడవ నడపడానికి, గుర్రపు స్వారీకి, సాయంత్రం నృత్యానికి ఇంటికొకరు వంతున వెళ్లి ఆదాయం సమానంగా పంచుకునే ఏర్పాటు పెట్టుకున్నారు. పోటీపడి ధరలు తెగ్గోసుకోకుండా ఆపే మంచి ఏర్పాటే. కాకపోతే ఎక్కడైనా ఇంటికొక వాటా అంటే, పదిహేను మంది ఉన్న ఉమ్మడి ఇంటికీ విడిగా ఉండే జంటకూ ఒకే మొత్తం దక్కుతుంది. ఇల్లు చీలడానికి ఇంకేం కావాలి? వాటా పనిచేసే పెద్దల సంఖ్యను బట్టి ఉండాలి.

వియత్నాంలోని సాపాలో సంగతి వేరు. మోంగ్ తెగలో వంశం తండ్రిది, పెళ్లయ్యాక అమ్మాయే అత్తవారింటికి వెళ్లాలి. చేతి కుట్టు సరుకు అమ్ముతూ పర్యాటకుల దగ్గరే ఇంగ్లిష్ పట్టేసిన ఆడపిల్లలు ట్రెక్కింగ్ గైడ్లయ్యారు. కొన్ని ఇళ్లలో భార్య కొండదారిలో ఉన్నరోజు వంట, పిల్లలు భర్త వంతు. అయితే వీధిలో చిన్నపిల్లల దగ్గరే జనం జాలిపడి ఎక్కువ కొంటారు, దాంతో బడి మానేసే పిల్లలూ ఉన్నారు.

పర్యాటకులకు సొంత ఇంట్లోనే బస, భోజనం ఇచ్చే హోమ్‌స్టే పథకాలు గదులు, మంచాలు లెక్కపెడతాయి, పనిగంటలు లెక్కపెట్టవు. నలుగురు ఒక రాత్రి ఉంటే దుప్పట్లు, గలీబులు ఉతకడం, రెండు పూటల వంట, గిన్నెలు, మరుగుదొడ్డి శుభ్రం కలిపి ఎనిమిది గంటలకు తక్కువ కాదు. పొలం పని దీనికి అదనం. లైసెన్సు ఇంటి యజమాని పేర, బుకింగ్ ఫోను అతని జేబులో ఉంటే డబ్బూ అక్కడికే పోతుంది. అందుకే లైసెన్సు, బ్యాంకు ఖాతా ఉమ్మడి పేర్ల మీద ఉండాలి. బిల్లులో గది అద్దె, భోజనం–సేవ వేరువేరుగా రాసి, రెండోది పని చేసినవారికి నేరుగా చెల్లించాలి. కోతల రోజుల్లో బుకింగులు మూసేయాలి.

ఇంకొకటి: గెస్ట్‌హౌస్‌ను బయటి వ్యాపారికి లీజుకిస్తే ఆడవాళ్లు తమ ఇంట్లోనే కూలీలవుతారు. కాబట్టి ఆ ఇంటి వయోజన స్త్రీలందరి సంతకాలు లేనిదే ఏ లీజూ నమోదు చేయకూడదు.

— ఒక పాఠకురాలు