మా ల్యాబ్ బోర్డు సంగతులు

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? బెంగుళూరులో రాగిసంగటి దొరక్క చిక్కిపోయావని లీలామహల్ సర్కిల్ దగ్గర మీ అమ్మ కనపడి ఒకటే బాధపడింది. నువ్వు పంపిన ఫోటోలో బుగ్గలు బాగానే వచ్చాయి. ఆమెకు చూపించలేదులే.

ఫోన్లో ప్రాజెక్టు గురించి అడిగి, నేను నోరు తెరిచేలోపే మీటింగ్ అని పెట్టేశావు. ఇప్పుడు చదువు, తప్పదు. మా ల్యాబుల్లో 60 సిస్టంలు. ఏది పనిచేస్తోందో తెలియాలంటే ల్యాబ్ అన్న పొద్దున్నే వచ్చి ఒక్కోటి ఆన్ చేసి చూడాల్సిందే. అదంతా ఒకే స్క్రీన్ మీద కనపడేలా చేద్దామని నలుగురం మొదలుపెట్టాం. పచ్చ అంటే బతికుంది, ఎరుపు అంటే పోయింది.

ముందు పింగ్‌తోనే కానిద్దాం అనుకున్నాం, అంటే నెట్‌వర్క్‌లో ఒక సిస్టంని "ఉన్నావా?" అని పిలిచి బదులొస్తుందా అని చూడటం. 1983లో మైక్ మూస్ అనే ఆయన రాసిన ప్రోగ్రాం అది, నెట్‌వర్క్ వాళ్లు ఇప్పటికీ మొదట కొట్టేది దాన్నే. కానీ విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌కి బదులివ్వనివ్వదు. మూడో వరస చివరి సిస్టం బోర్డు మీద ఎర్రగా ఉంది. వెళ్లి చూస్తే జూనియర్ ఒకడు దాని ముందు కూర్చుని హాయిగా సీ ప్రోగ్రాం కొట్టుకుంటున్నాడు. బతికున్నోడికి పిండం పెట్టినట్టు! అందుకని ప్రతి సిస్టంలో చిన్న పైథాన్ ప్రోగ్రాం పెట్టాం. 30 సెకన్లకోసారి "నేనున్నా" అని సర్వర్‌కి కబురు పంపుతుంది, దాంతోపాటు సీపీయూ, మెమొరీ, డిస్క్ లెక్కలు. 60 సిస్టంలకి సెకనుకి రెండు కబుర్లు, నెట్‌వర్క్‌కి అదేం బరువు కాదు. ఏ సిస్టం ఏదో గుర్తుంచుకోవడానికి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికిచ్చే నంబరు) పనికిరాదు, ఆ నంబర్లు పంచే డీహెచ్‌సీపీ ఎప్పుడైనా మార్చేస్తుంది. అందుకే నెట్‌వర్క్ కార్డుకి తయారీలోనే వచ్చే మ్యాక్ అడ్రస్ పట్టుకున్నాం.

అసలు తలనొప్పి, సిస్టం పోయిందని బోర్డు మా ఫోన్ గ్రూప్‌కి పంపే మెసేజ్‌లతో వచ్చింది. ఒక్క కబురు తప్పినా ఫోన్ మోగుతుంటే ఎవరికి ఓపిక? ల్యాబ్ అన్న మా గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టేశాడు. అప్పటినుంచి వరసగా మూడు తప్పితేనే ఎరుపు. తర్వాత ఒక మధ్యాహ్నం ఒకే వరసలో పది సిస్టంలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. పదీ కూడబలుక్కుని పోతాయా? చూస్తే వాటికి నెట్‌వర్క్ కనెక్షన్ ఇచ్చే స్విచ్ (ఆ వరస కేబుళ్లన్నీ కలిసే డబ్బా) అడాప్టర్ ప్లగ్గులోంచి సగం ఊడి వేలాడుతోంది, పక్కనే చీపురు. నాగియోస్ అని ఇలా సిస్టంలని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఈ తేడా ముందునుంచీ ఉంది: పోవడం వేరు, అందకపోవడం వేరు. మేమూ ఏ సిస్టం ఏ స్విచ్ కింద ఉందో రాసిపెట్టాం. ఇప్పుడు స్విచ్ పోతే అది ఒక్కటే ఎరుపు, దాని కిందవన్నీ బూడిద రంగు, ఒకే మెసేజ్. ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదేరా.

ఇక రివ్యూ. "పిల్లలు స్క్రీన్ మీద ఏం చూస్తున్నారో కూడా ఫోటో తీసి పంపుతుందా?" అని ఒక సార్ అడిగారు. చేయడం పెద్ద కష్టమేం కాదు, నా టెన్షన్ కూడా అదే. ల్యాబ్‌లో ఒకమ్మాయి మెయిల్ తెరుస్తుంది, ఇంకొకడు ఫీజు కట్టడానికి బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాడు. అవన్నీ మా సర్వర్లో, మా నలుగురి చేతుల్లో ఎందుకుండాలి? "సిస్టం బాగుందా లేదా అన్నంతవరకే సార్" అన్నాం. మార్కులు కాస్త తగ్గాయి. తగ్గనీ.

ఇదే పని చేసే జాబిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ 2001 నుంచీ ఉచితంగా దొరుకుతుంటే మీరెందుకు రాయడం అంటావు, తెలుసు. కాలేజీ అంతటికీ పెట్టాలంటే నేనూ అదే పెట్టమంటా. కానీ ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇన్‌స్టాల్ చేశాం సార్ అంటే వైవాలో ఊరుకుంటారా?

ఒక పనుంది నీతో. మా స్విచ్‌లు మామూలువి, ఏ పోర్టులో (కేబుల్ గుచ్చే చోట) ఏం జరుగుతోందో అడిగినా చెప్పవు. ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల్ని వాటి సంగతులు అడిగే పద్ధతి) ఉన్న మేనేజ్డ్ స్విచ్ అయితే, అడిగితే పోర్టు పోర్టుకీ లెక్క చెప్తుంది. మీ ఆఫీసులో పాతది మూలన పడేసి ఉంటే ఇస్తారేమో కనుక్కో. గంగజాతరకి ఎటూ వస్తావుగా, అప్పుడు తెద్దువు. అడిగే తీసుకురా రేయ్, బ్యాగులో వేసుకుని వచ్చేయకు.

నీ
మామ