ఆ గదే కదండీ సినిమా!

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం పాత టాకీల వ్యాసంలో 1930 నాటి 'జర్నీస్ ఎండ్'ను ఒక్క ముక్కలో తీసిపారేశారు. నాటకాన్ని ఉన్నదున్నట్టు తీశారట, అంతా ఒకే గదిలో, అంటే యుద్ధభూమిలో నేల కింద తవ్విన ఆఫీసర్ల బంకరులో, మాటలేనట. ఆ గదే కదండీ సినిమా!

నేను సినిమా పండితుణ్ని కాను. పట్టాళంలో పనిచేసి హవల్దారుగా రిటైరైనవాణ్ని. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, పంజాబ్ సరిహద్దులో ఫాజిల్కా వైపు మోర్చాలో, అంటే కందకంలో ఉన్నాను. ఈ నాటకం రాసిన ఆర్.సి. షెరిఫ్ కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ల ఈస్ట్ సర్రే రెజిమెంటులో చేసి, 1917లో బెల్జియంలోని పాషెండేల్ పోరులో గాయపడి, తర్వాత బీమా కంపెనీలో ఉద్యోగం చేసుకున్న మనిషి. కథంతా 1918 మార్చిలో, ఫ్రాన్సులో సెయింట్ క్వెంటిన్ దగ్గర, జర్మన్ల పెద్ద దాడికి ముందు నాలుగు రోజులు.

అందులో ట్రాటర్ అనే ఆఫీసరు సూపులో మిరియాల పొడి లేదని గోల పెడతాడు. ఆరు రోజుల డ్యూటీకి కాగితం మీద 144 సున్నాలు చుట్టుకుని గంటకొకటి నలుపు చేస్తుంటాడు. మా మోర్చాలో ఒక బిహారీ జవాను పూటకో అగ్గిపుల్ల విరిచి డబ్బాలో వేసేవాడు. లంగరు (పట్టాళం వంటశాల) నుంచి వచ్చిన పప్పులో ఉప్పు లేదని మేమూ కొట్లాడుకున్నాం, అవతల గుండ్లు పడుతూనే ఉన్నాయి. ఆజ్‌బోర్న్ అనే ఇంకో ఆఫీసరు దాడికి వెళ్లబోతూ ఉంగరం తీసి బల్ల మీద పెట్టేస్తాడు, పోతుందేమోనని. అక్కడ నేను టీవీ కాసేపు ఆపేశాను.

ఇంకోటి, అది అమెరికా సినిమా అని రాశారు. సొమ్ములో అమెరికాలోని టిఫనీ అనే సినిమా కంపెనీ వాటా ఉన్న మాట నిజమే. ఇంగ్లండులో సౌండు సరంజామా ఇంకా కుదురుకోక హాలీవుడ్‌లో తీశారు. కానీ లండన్‌లో నాటకం ఆడించిన జేమ్స్ వేల్ అనే ఆయనే దర్శకుడు. అక్కడ కథానాయకుడు కెప్టెన్ స్టాన్‌హోప్ వేషం వేస్తున్న కాలిన్ క్లైవ్‌నే నాటకం నుంచి సెలవిప్పించి తీసుకెళ్లారు. మన 'భక్త ప్రహ్లాద' కూడా సురభి వాళ్ల నాటకమేగా, దాన్నెవరైనా తప్పుపట్టారా?

మా ఇంటావిడ సగంలో లేచి, "వీళ్లు యుద్ధం ఎప్పుడు చేస్తారండీ?" అంది. ఫాజిల్కాలో మూడో రోజు నేనూ మా సుబేదారు సాబ్‌ని ఇదే అడిగాను. ఆయన నా మగ్గులో ఇంకాస్త చాయ్ పోశాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దారు,
తాడేపల్లిగూడెం